శైవలాల నుండి బయోగ్యాస్ ఉత్పత్తి: సూక్ష్మజీవ సముదాయాల పాత్ర

పరిచయం

పశువుల పేడతో నడిచే గోబర్ గ్యాస్ ప్లాంటు తెలుగు రైతుకు కొత్తది కాదు. తేలియాడే డ్రమ్ము గల ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ నమూనా, స్థిర గుమ్మటం గల దీనబంధు నమూనా గ్రామాల్లో దశాబ్దాలుగా పరిచితమైనవే. చెరువులు, చేపల కుంటలు, మురుగునీటి శుద్ధి కొలనులలో విస్తారంగా పెరిగే నాచును అదే తొట్టిలో వేసి వాయువు తీయవచ్చునా అన్న ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తలకు తరచుగా ఎదురవుతుంది. వాయువు వస్తుంది అన్నంత వరకు సమాధానం సులభం. ఎంత వస్తుంది, ఎన్నాళ్లు నిలకడగా వస్తుంది అన్నది మాత్రం తొట్టిలో పనిచేసే సూక్ష్మజీవ సముదాయంపై ఆధారపడి ఉంటుంది. పేడను జీర్ణించుకోవడానికి అలవాటుపడిన సముదాయం శైవలాలను అదే తీరున స్వీకరించదు. ఈ భేదాన్ని గుర్తించకుండా పేడకు బదులు నాచును నింపితే, కొన్ని వారాల్లోనే తొట్టి పులిసిపోవడమో, అమ్మోనియా పేరుకొని వాయువు తగ్గిపోవడమో జరిగే అవకాశం ఉంది.

శైవలాల నుండి మీథేన్ తీసే ఆలోచన పాతదే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గోల్యూక్, ఓస్వాల్డ్, గోటాస్ 1957లో మురుగునీటి కొలనులలో పెరిగిన క్లోరెల్లా, సెనెడెస్మస్ జాతుల శైవలాలను వాయురహిత తొట్టిలో జీర్ణింపజేసి ఫలితాలను ప్రకటించారు. ముప్పై రోజులు తొట్టిలో ఉన్న తరువాత కూడా కొన్ని శైవల కణాలు చెక్కుచెదరకుండా బయటకు రావడం వారు గమనించారు. ఆనాడు కనిపించిన ఆ అడ్డంకి నేటికీ ఈ రంగంలో ప్రధాన సమస్యగానే మిగిలి ఉంది.

ముడిపదార్థంగా శైవలాల ప్రత్యేకతలు

వరిగడ్డి, చెరకు పిప్పి వంటి వ్యవసాయ వ్యర్థాలలో సూక్ష్మజీవులకు లొంగని లిగ్నిన్ గణనీయంగా ఉంటుంది. సూక్ష్మశైవలాలలో లిగ్నిన్ ఉండదు. వాటి పొడి పదార్థంలో మాంసకృత్తులు, పిండి పదార్థాలు, కొవ్వులు ప్రధాన భాగం. సైద్ధాంతిక గణన ప్రకారం ఒక గ్రాము కొవ్వు నుండి సుమారు 1.01 లీటర్ల మీథేన్, ఒక గ్రాము పిండి పదార్థం నుండి సుమారు 0.42 లీటర్ల మీథేన్ వెలువడాలి. మాంసకృత్తుల విలువ ఈ రెండింటి మధ్య ఉంటుంది. కావున కొవ్వు అధికంగా గల శైవలం కాగితంపై మంచి ముడిపదార్థంగా కనిపిస్తుంది.

ఆచరణలో జాతిభేదం ఈ లెక్కలను తారుమారు చేస్తుంది. జర్మనీలో ముస్స్‌గ్నుగ్, ఆయన సహచరులు ఆరు జాతులను పోల్చి 2010లో ప్రకటించిన పరిశోధనలో క్లామిడోమోనాస్ రైన్‌హార్టి ఒక గ్రాము బాష్పశీల ఘనపదార్థానికి 587 మి.లీ. బయోగ్యాస్ ఇవ్వగా, సెనెడెస్మస్ ఆబ్లిక్వస్ 287 మి.లీ. మాత్రమే ఇచ్చింది. ఇంత వ్యత్యాసానికి ముఖ్య కారణం కణకవచం. క్లామిడోమోనాస్ కవచం సెల్యులోజు లేని గ్లైకోప్రోటీన్ పొర కాబట్టి సూక్ష్మజీవుల ఎంజైములకు త్వరగా లొంగుతుంది. సెనెడెస్మస్ కవచంలో ఆల్గినాన్ అనే అతి దృఢమైన పదార్థం కూడా ఉంటుంది. శైవలాలను ఎండబెట్టి వాడినప్పుడు వాయువు సుమారు ఐదో వంతు తగ్గిందని కూడా అదే పరిశోధన తెలిపింది. నిల్వ కోసం నాచును ఎండబెట్టాలని భావించేవారు ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

నాలుగు దశలు, నాలుగు వర్గాలు

తొట్టిలో జరిగే వాయురహిత జీర్ణక్రియ ఏ ఒక్క జీవి పనీ కాదు. ఒక వర్గం విసర్జించినది మరొక వర్గానికి ఆహారమవుతూ సాగే నాలుగు దశల గొలుసు అది.

మొదటిది జలవిశ్లేషణ దశ. బాసిల్లోటా, బాక్టీరాయిడోటా విభాగాలకు చెందిన బాక్టీరియాలు ఇందులో ముందుంటాయి. ఇవి కణం వెలుపలికి ఎంజైములను విడుదల చేసి పెద్ద అణువులను చక్కెరలు, అమైనో ఆమ్లాలు, కొవ్వు ఆమ్లాలుగా విడగొడతాయి. మాంసకృత్తులు అధికంగా గల శైవలాలను వాడే తొట్టిలో ప్రోటియేజు ఎంజైములు గల జాతులకు ప్రాధాన్యం పెరుగుతుంది. రెండవది ఆమ్లజనన దశ. చక్కెరలు, అమైనో ఆమ్లాలు పులిసి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌గా మారతాయి. అమైనో ఆమ్లాల నుండి అమ్మోనియా విడుదలయ్యేది కూడా ఈ దశలోనే.

మూడవది ఎసిటేట్ జనన దశ. సింట్రోఫోబాక్టర్ వంటివి ప్రొపియోనేట్‌ను, సింట్రోఫోమోనాస్ వంటివి బ్యూటిరేట్‌ను ఎసిటేట్‌గా, హైడ్రోజన్‌గా మారుస్తాయి. నాలుగవది మీథేన్ జనన దశ. ఇందులో పనిచేసేవి బాక్టీరియాలు కావు, ఆర్కియా. కార్ల్ వోజ్, జార్జ్ ఫాక్స్ 1977లో రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ ఆధారంగా మీథేన్ జనక జీవులు బాక్టీరియాల నుండి వేరైన వంశానికి చెందినవని నిరూపించారు. మీథనోథ్రిక్స్ కేవలం ఎసిటేట్‌ను, మీథనోబాక్టీరియం, మీథనోక్యులియస్ వంటివి ప్రధానంగా హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌లను వాడుకుంటాయి. మీథనోసార్సినా ఈ రెండు మార్గాలలోనూ పనిచేయగలదు. సాధారణ తొట్టిలో మీథేన్‌లో సుమారు 70 శాతం ఎసిటేట్ మార్గంలో వస్తుందన్నది ప్రామాణిక అంచనా. శైవలాలను వాడినప్పుడు ఈ నిష్పత్తి మారిపోయే అవకాశం ఉంది. దానికి కారణం అమ్మోనియా విభాగంలో వివరించబడింది.

ఒకరు లేనిదే మరొకరు లేరు

ఈ గొలుసులో అతి సున్నితమైన లంకె మూడవ, నాలుగవ దశల మధ్య ఉంది. మీథనోబాసిల్లస్ ఒమెలియాన్‌స్కీ అనే జీవి ఇథనాల్ నుండి మీథేన్ తయారు చేస్తుందని చాలాకాలం శాస్త్రజ్ఞులు విశ్వసించారు. 1967లో బ్రయంట్, ఆయన సహచరులు దానిని పరిశీలించి, అది ఒక జీవి కాదనీ, కలిసి బ్రతుకుతున్న రెండు జీవులనీ తేల్చారు. వాటిలో ఒకటి ఇథనాల్‌ను ఎసిటేట్‌గా మార్చి హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. రెండవది ఆ హైడ్రోజన్‌ను మీథేన్‌గా మారుస్తుంది. ఈ సహపోషణ సంబంధమే బయోగ్యాస్ తొట్టికి ప్రాణం.

ఇందుకు కారణం శక్తి లెక్కలలో ఉంది. ప్రామాణిక పరిస్థితులలో ఒక మోల్ ప్రొపియోనేట్‌ను ఎసిటేట్‌గా మార్చడానికి సుమారు 76 కిలోజౌళ్లు, బ్యూటిరేట్‌కు సుమారు 48 కిలోజౌళ్లు బయటి నుండి అందాలి. అంటే ఆ చర్యలు తమంతట తాము జరగవు. పరిసరాలలోని హైడ్రోజన్ పీడనం వాతావరణ పీడనంలో పదివేలవ వంతు స్థాయికి పడిపోయినప్పుడే ప్రొపియోనేట్‌ను విడగొట్టే బాక్టీరియాకు ఆ పని గిట్టుబాటవుతుంది. హైడ్రోజన్‌ను అంత తక్కువ స్థాయిలో నిలిపే బాధ్యత మీథేన్ జనక ఆర్కియాలది. ఏ కారణంగానైనా అవి మందగిస్తే హైడ్రోజన్ పెరుగుతుంది, ప్రొపియోనేట్ నిలిచిపోతుంది, ఆమ్లాలు పేరుకొని ఉదజని సూచిక పడిపోతుంది. ఉదజని సూచిక పడిపోతే మీథేన్ జనకాలు మరింత మందగిస్తాయి. తొట్టి పులిసిపోవడమంటే ఇదే విషవలయం. కొన్ని జాతులు హైడ్రోజన్‌తో పని లేకుండా ఎలక్ట్రాన్లను నేరుగా ఒకదాని నుండి మరొకటి అందుకుంటాయని 2014లో జియోబాక్టర్, మీథనోథ్రిక్స్ వర్గ జీవుల జంటపై జరిగిన పరిశోధన వెల్లడించింది.

మొదటి అవరోధం: కణకవచం

పేడ ఇదివరకే పశువు కడుపులో ఒకసారి నలిగి, సూక్ష్మజీవులతో కలిసి వచ్చిన పదార్థం. శైవల కణం తొట్టిలోకి సజీవంగా, కవచం మూసుకొనే ప్రవేశిస్తుంది. కవచం తెరుచుకోనంత వరకు లోపలి మాంసకృత్తులు, కొవ్వులు సూక్ష్మజీవులకు అందవు. అందుచేత శైవలాల జీర్ణక్రియలో మొత్తం వేగాన్ని తరచుగా నిర్ణయించేది జలవిశ్లేషణ దశ.

ఈ అవరోధాన్ని దాటడానికి ఉష్ణచికిత్స, అల్ట్రాసౌండ్, క్షారచికిత్స, ఎంజైముల ప్రయోగం వంటి పూర్వచికిత్సలు పరిశోధనలో ఉన్నాయి. వీటిలో వాయువు పెరుగుదల ఒక్కటే కొలమానం కారాదు. కొలనులోని శైవల నీటిలో పొడి పదార్థం సాధారణంగా లీటరుకు గ్రాములోపే ఉంటుంది. ఆ నీటిని చిక్కబరచకుండా వేడిచేస్తే, అదనంగా వచ్చే మీథేన్‌లోని శక్తి కంటే నీటిని వేడిచేయడానికి ఖర్చయ్యే శక్తే ఎక్కువవుతుంది. కావున ముందుగా శైవలాలను తేర్చి చిక్కబరచడం, ఆ తరువాతనే పూర్వచికిత్స గురించి ఆలోచించడం సరైన క్రమం. కవచాన్ని విడగొట్టే ఎంజైములను స్రవించే సూక్ష్మజీవులను తొట్టికి ముందే శైవలాలపై పనిచేయించే జీవసంబంధ పద్ధతులకు శక్తి వ్యయం తక్కువ.

రెండవ అవరోధం: అమ్మోనియా

వాయురహిత జీర్ణక్రియకు కర్బన–నత్రజని నిష్పత్తి 20 నుండి 30 వరకు అనుకూలం. మాంసకృత్తులు అధికంగా గల సూక్ష్మశైవలాలలో ఈ నిష్పత్తి 6 సమీపంలో ఉండవచ్చు. మిగులు నత్రజని అమ్మోనియాగా మారి తొట్టిలో చేరుతుంది. ద్రవంలో అది అమ్మోనియం అయానుగా, స్వేచ్ఛా అమ్మోనియాగా రెండు రూపాలలో ఉంటుంది. సూక్ష్మజీవుల కణత్వచాన్ని సులభంగా దాటి హాని చేసేది రెండవ రూపం. 35 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 అయితే మొత్తం అమ్మోనియాలో స్వేచ్ఛా రూపం సుమారు 1 శాతం. ఉదజని సూచిక 8 అయితే అది సుమారు 10 శాతం. అదే 8 సూచిక వద్ద ఉష్ణోగ్రత 55 డిగ్రీలకు పెరిగితే సుమారు 28 శాతానికి చేరుతుంది. అధిక ఉష్ణోగ్రత కవచాన్ని త్వరగా విడగొట్టినా, మాంసకృత్తులు అధికంగా గల శైవలాలకు అది అన్నివేళలా మేలు చేయకపోవడానికి కారణం ఇదే.

అమ్మోనియా పెరిగినప్పుడు ముందుగా దెబ్బతినేది ఎసిటేట్‌ను మీథేన్‌గా మార్చే ఆర్కియా వర్గం, అందులోనూ మీథనోథ్రిక్స్. దాని స్థానంలో సింట్రోఫాసిటికస్ షింకీ వంటి బాక్టీరియాలు ఎసిటేట్‌ను హైడ్రోజన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడతాయి. మీథనోక్యులియస్ వంటి హైడ్రోజన్ వినియోగదారులు వాటిని మీథేన్‌గా మారుస్తాయి. తుది ఫలితం ఒకటే, దారి మాత్రం వేరు. ఒక మోల్ ఎసిటేట్ నుండి లభించే సుమారు 31 కిలోజౌళ్ల స్వల్ప శక్తిని ఈ దారిలో రెండు జీవులు పంచుకోవాలి. అందువల్ల వాటి పెరుగుదల చాలా నెమ్మది. ఈ కొత్త సముదాయం నిలదొక్కుకునేలోపు మేతను పెంచితే తొట్టి విఫలమవుతుంది. ఓపిక పట్టి క్రమంగా అలవాటు చేసిన తొట్టి అధిక అమ్మోనియాను కూడా తట్టుకోగలదు. మీథేన్ ఉత్పత్తిని సగానికి తగ్గించే మొత్తం అమ్మోనియా స్థాయి పరిశోధనలలో లీటరుకు 1.7 నుండి 14 గ్రాముల వరకు విస్తృతంగా మారడానికి ఈ అలవాటు ఒక ముఖ్య కారణం.

అలవాటు చేయడం ఒక మార్గమైతే, కర్బనం అధికంగా గల వ్యర్థాలను కలపడం మరొక మార్గం. యెన్, బ్రూన్ 2007లో శైవల బురదకు చిత్తు కాగితాన్ని సగం వంతుగా కలిపినప్పుడు మీథేన్ ఉత్పత్తి రోజుకు లీటరు తొట్టి పరిమాణానికి 573 మి.లీ. నుండి 1170 మి.లీ.కు పెరిగింది. తెలుగు రాష్ట్రాలలో కాగితం స్థానాన్ని వరిగడ్డి తీసుకోగలదు. ఉదాహరణకు పొడి శైవలంలో కర్బనం 45 శాతం, నత్రజని 7.5 శాతం అనుకోవాలి. గడ్డిలో కర్బనం 40 శాతం, నత్రజని 0.5 శాతం అనుకోవాలి. మిశ్రమ నిష్పత్తి 20 కావాలంటే ఒక కిలో పొడి శైవలానికి 3.5 కిలోల గడ్డి అవసరమవుతుంది. అంటే ఇటువంటి తొట్టిలో ప్రధాన ముడిపదార్థం గడ్డి, శైవలం దానికి నత్రజని అందించే తోడు పదార్థం. గడ్డిలోని కర్బనం కొంత లిగ్నిన్‌తో బంధింపబడి ఉంటుంది కనుక దానిని సన్నగా నరికి, నానబెట్టి వాడాలి.

మూడవ అవరోధం: ఉప్పు, సల్ఫేటు

సముద్రపు నాచుల విషయంలో సమస్య మరొక రూపం తీసుకుంటుంది. సముద్రజలంలో లీటరుకు సుమారు 10.8 గ్రాముల సోడియం, 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటాయి. మంచినీటి సముదాయాలలోని మీథేన్ జనకాలను లీటరుకు 3.5 నుండి 5.5 గ్రాముల సోడియం ఒక మోస్తరుగా, 8 గ్రాములు తీవ్రంగా నిరోధిస్తాయి. సల్ఫేటు ఉన్నచోట సల్ఫేటు క్షయకరణ బాక్టీరియాలు హైడ్రోజన్ కోసం మీథేన్ జనకాలతో పోటీపడి గెలుస్తాయి. ఫలితంగా మీథేన్ తగ్గి హైడ్రోజన్ సల్ఫైడ్ పెరుగుతుంది. ఇది బర్నర్లను, ఇంజన్లను తినివేయడమే కాక ప్రాణాంతకం కూడా. 2009లో ఫ్రాన్సులోని బ్రిటనీ తీరంలో కుళ్లిన ఆకుపచ్చ నాచు గుట్టల నుండి వెలువడిన ఈ వాయువుకు ఒక గుర్రం బలైంది. గాఢత పెరిగినప్పుడు ముక్కు వాసనను పసిగట్టలేకపోవడం దీనిలోని అసలు ప్రమాదం.

ఉప్పును అడ్డంకిగా కాక అవకాశంగా మలచిన పరిశోధన కూడా ఉంది. 2015లో ప్రకటితమైన ఒక అధ్యయనంలో క్షార సరస్సుల అడుగు మట్టి నుండి సేకరించిన సముదాయంతో, ఉదజని సూచిక 10 వద్ద, స్పైరులినాను జీర్ణింపజేశారు. క్షార ద్రవం కార్బన్ డయాక్సైడ్‌ను తనలోనే పట్టి ఉంచినందున వెలువడిన వాయువులో మీథేన్ 96 శాతం వరకు చేరింది. అక్కడి ఆర్కియాలలో మీథనోకాల్క్యులస్ ప్రధానమైనది. సరైన సముదాయం దొరికితే ప్రతికూల పరిస్థితి కూడా పనికి వస్తుందనడానికి ఇది నిదర్శనం.

విత్తన స్లర్రీ ఎంపిక

పై ఉదాహరణ విత్తన స్లర్రీ ప్రాముఖ్యాన్ని తెలుపుతుంది. స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవులలో నార్త్ రోనాల్డ్‌సే గొర్రెలు ప్రధానంగా సముద్రపు నాచు తిని జీవిస్తాయి. గడ్డి మేసే గొర్రెల కంటే భిన్నమైన సూక్ష్మజీవులు వాటి తొలి కడుపులో స్థిరపడ్డాయి. ఏ మేతకు ఆ సముదాయం అన్న సూత్రం తొట్టికీ వర్తిస్తుంది. పేడ తొట్టి నుండి తెచ్చిన స్లర్రీ మంచి ఆరంభమే. దానికి మురుగునీటి శుద్ధి కేంద్రపు వాయురహిత బురద, నాచు కుళ్లే చెరువు అడుగు బురద కొంత కలిపితే వైవిధ్యం పెరుగుతుంది. వైవిధ్యం గల సముదాయంలో ఒక జాతి మందగించినా దాని పనిని మరొకటి అందుకునే అవకాశం ఎక్కువ.

సముదాయంలో ఎవరున్నారో తెలుసుకోవడానికి 16ఎస్ రైబోజోమ్ జన్యువు, మీథేన్ జనకాలకే ప్రత్యేకమైన ఎంసిఆర్‌ఏ జన్యువు ఉపయోగపడతాయి. జన్యువు ఉనికి ఆ జీవి ఉన్నదని చెబుతుందే కాని అది ఆ సమయంలో పనిచేస్తున్నదని చెప్పదు. అందుకు ఆర్‌ఎన్‌ఏ విశ్లేషణ అవసరం. విద్యార్థులు తమ పరిశోధనలలో జాతుల జాబితాతో ఆగిపోకుండా, వాటి మార్పును ఆమ్లాల, అమ్మోనియా, మీథేన్ కొలతలతో జోడించి చూడాలి.

క్షేత్రస్థాయి సూచనలు

1. నడుస్తున్న పేడ తొట్టిలో శైవలాన్ని మేతలో సుమారు పదో వంతుతో ప్రారంభించి, వాయువు నిలకడగా ఉన్నదని నిర్ధారించుకున్న తరువాతనే కొన్ని వారాల వ్యవధితో దశలవారీగా పెంచాలి.

2. ఎసిటేట్‌ను వాడే మీథనోథ్రిక్స్ రెట్టింపు కావడానికి అనేక రోజులు పడుతుంది. పలుచని నాచు నీటిని అధికంగా పోస్తే అవి పెరిగే వేగం కంటే కొట్టుకుపోయే వేగమే ఎక్కువవుతుంది. నాచును తేర్చి చిక్కగా వేయాలి.

3. ఉదజని సూచికను మాత్రమే నమ్మరాదు. అమ్మోనియా వల్ల క్షారత్వం అధికంగా ఉన్న తొట్టిలో ఆమ్లాలు పేరుకున్నా సూచిక వెంటనే పడదు. బాష్పశీల కొవ్వు ఆమ్లాలకు, క్షారత్వానికి మధ్య నిష్పత్తిని కొలవాలి. అది 0.4 లోపు ఉంటే తొట్టి స్థిరం. 0.8 దాటితే వైఫల్యం సమీపించినట్లు.

4. నిష్పత్తి పెరుగుతున్నప్పుడు ముందుగా మేత ఆపాలి. ఉదజని సూచిక కూడా పడిపోయి ఉంటే సున్నం నీటిని మితంగా కలపవచ్చు. అమ్మోనియా కారణమైతే సున్నం హానికరం. సూచిక పెరిగి స్వేచ్ఛా అమ్మోనియా మరింత పెరుగుతుంది. అప్పుడు నీటితో పలుచన చేసి, గడ్డి వంటి కర్బన పదార్థం పాలు పెంచాలి.

5. హుస్సేన్ సాగర్ వంటి కలుషిత జలాశయాలలో పెరిగే మైక్రోసిస్టిస్ విషపదార్థాలను తయారుచేయగలదు. పరిశ్రమల వ్యర్థాలు చేరే నీటిలోని శైవలాలు భారలోహాలను గ్రహిస్తాయి. తొట్టిలో సేంద్రియ పదార్థం తగ్గుతుంది కాని లోహాలు తగ్గవు. ఇటువంటి స్లర్రీని పరీక్షించకుండా పొలానికి, ముఖ్యంగా ఆకుకూరలకు, సిఫారసు చేయరాదు.

6. నాచు గుట్టలను, తొట్టి గుంతను శుభ్రపరిచేటప్పుడు గాలి ఆడేలా చూసి, ఒంటరిగా ఎవరూ దిగకుండా జాగ్రత్త వహించాలి.

ముగింపు

కేవలం బయోగ్యాస్ కోసమే శైవలాలను పెంచడం చిన్న రైతుకు ప్రస్తుతం లాభసాటి మార్గం కాదు. సాగు, సేకరణ, చిక్కబరచడం అనే మూడు పనుల ఖర్చు వచ్చే వాయువు విలువను మించవచ్చు. మురుగునీటి శుద్ధిలో భాగంగా పెరిగిన నాచు, చేపల కుంటల నుండి ఎలాగూ తీసివేయవలసిన నాచు, నూనె తీసిన తరువాత మిగిలిన శైవల పిప్పి వంటి వాటికి మాత్రం ఈ మార్గం అనువైనది. శైవలంలో కొవ్వు 40 శాతం లోపు ఉన్నప్పుడు నూనె తీయడం కంటే మొత్తాన్ని నేరుగా జీర్ణింపజేయడమే శక్తి దృష్ట్యా మేలని సియాల్వ్, ఆయన సహచరులు 2009లో సూచించారు. ఇట్టి సందర్భాలలో వాయువుతో పాటు నత్రజని గల స్లర్రీ పొలానికి తిరిగి చేరుతుంది.

ఏ సందర్భంలోనైనా తొట్టిని ఇటుకల కట్టడంగా కాక, మేపవలసిన జీవసముదాయంగా చూడాలి. పశువుకు మేత మార్చేటప్పుడు రైతు కొత్త మేతను పాతదానితో కలిపి కొద్దికొద్దిగా అలవాటు చేస్తాడు. తొట్టిలోని సూక్ష్మజీవుల విషయంలోనూ అదే మెలకువ అవసరం. ఈ విషయాన్ని రైతుకు తెలియజెప్పిన తరువాతనే శైవల బయోగ్యాస్‌ను సిఫారసు చేయడం సమంజసం.